మేకులు లేని బల్ల



మన తెలుగు సంఘాల్లో ఒక మాట ఉంది. ఎవరైనా కొంతకాలంగా ప్రభురాత్రి భోజనానికి దూరంగా ఉంటే "ఆయన బల్ల తీసుకోవడం లేదు" అంటాం. కొత్తగా బాప్తిస్మం పొందినవారి గురించి "వచ్చే ఆదివారం బల్లలో పాలుపొందుతారు" అని ప్రకటిస్తాం. రొట్టె, ద్రాక్షరసం, సహవాసం, క్రమశిక్షణ అన్నిటినీ కలిపి ఆ ఒక్క మాటలో పెట్టేశాం. ఇంత బరువు మోసే మాటకు అడుగున నాలుగు కాళ్ళున్న కర్రసామాను ఒకటుందని మాత్రం మరిచిపోతాం. మాకు అది గుర్తుకొచ్చింది కిందటేడు జూలైలో, మా గుడిలో బల్ల ఒక పక్కకు కుంగినప్పుడు.

మొదటి ఆదివారం అది. ప్రార్థన చేసి కళ్ళు తెరిచేసరికి చిన్న గిన్నెలు పెట్టిన పళ్ళెం మెల్లగా జారుతోంది. ముందు వరసలో ఉన్న అమ్మగారు లేచి పట్టుకోబట్టి నేలపాలు కాలేదు. ఎలాగో ఆరాధన ముగించాం. అందరూ వెళ్ళాక తెల్లగుడ్డ తీసి చూశాం. వెనకవైపు కాళ్ళు రెండూ అడుగు నుంచి జానెడు ఎత్తు వరకు చెదలు తినేశాయి. పైన పలక మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలు పట్టేంత పగులు. ప్రతి నెలా గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి పరుస్తూనే ఉన్నాం. గుడ్డ కింద ఏముందో ఏళ్ళ తరబడి చూడలేదు.

ఆ బల్ల మిషనరీల కాలం నాటి నమూనా. 5 అడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. తరిమెన పట్టిన గుండ్రటి కాళ్ళు, ఒక్కో కాలికి రెండేసి కడియాలు. పలక కింద చుట్టూ బెత్తెడు వెడల్పు బద్దె. కాళ్ళను అడుగున కలుపుతూ పట్టీలు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాసిపెట్టిన కాగితం లేదు. మాది ఒంగోలు వైపు ప్రాంతం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఘోరమైన కరువు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరి బయట బతికినవాళ్ళు, తోలుపని చేసుకునేవాళ్ళు. ఊళ్ళో ఎవరి పంక్తిలోనూ కూర్చోనివ్వని మనుషులకు "రండి, కూర్చోండి" అన్న మొదటి బల్ల ప్రభువు బల్లే. అందుకే మా ముసలివాళ్ళకు ఆ కర్ర మీద అంత ప్రేమ.

సంఘపెద్దలం కూర్చున్నాం. ఒకరు గ్రానైటు వేయిద్దామన్నారు, రాయికి చెద పట్టదు గదా అని. హైదరాబాదులో స్థిరపడిన ఒక కుటుంబం అద్దాల బల్ల కొనిస్తామని ఫోను చేసింది. ముందు భాగంలో వాళ్ళ నాన్నగారి పేరు బంగారు అక్షరాలతో ఉండాలన్నది వాళ్ళ కోరిక. మన గుళ్ళల్లో ఫ్యాన్ల రెక్కల మీద, బెంచీల వీపుల మీద, గడియారాల మీద పేర్లు ఉండనే ఉన్నాయి. ప్రభువు బల్ల మీద మాత్రం ఇంకొకరి పేరు వద్దనిపించింది. ఆ కుటుంబానికి నచ్చజెప్పాం. వాళ్ళు కొంచెం నొచ్చుకున్నా అర్థం చేసుకున్నారు.

రాయి విషయంలో సెమినరీలో చదువుకున్న సంగతి ఒకటి పెద్దలతో చెప్పాం. సంస్కరణ కాలంలో, 1550లో, లండన్ బిషప్ నికొలస్ రిడ్లీ తన పరిధిలోని గుళ్ళలో రాతి బలిపీఠాలు తీయించి కర్ర బల్లలు పెట్టించాడు. బలిపీఠం మీద బలి అర్పిస్తారు, బల్ల దగ్గర భోజనం చేస్తారు. బలి ఒక్కసారే జరిగిపోయింది, హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెప్పేది అదే. ఇక మనకు మిగిలింది కలిసి తినడం. కర్ర బల్ల అంటే పేదరికం కాదు, అది ఒక బోధ. ఈ మాట మీద చర్చ ముగిసింది. పాత బల్ల ఎలా ఉందో అలాగే, చేత్తో, కొత్తది చేయిద్దామని తీర్మానించుకున్నాం.

పక్క ఊళ్ళో ఒక ఆచారి గారున్నారు. అరవై దాటినాయన. కొడుకులు ప్లైవుడ్డు పనిలో ఉన్నారు. ఈయన ఒక్కరే ఇంకా ఉలి, తోపడ, బాడిస పట్టుకుని కూర్చుంటారు. ఆయన వచ్చి బల్లను తిరగేసి, చాలాసేపు మాట్లాడకుండా వేళ్ళతో తడిమి చూశారు. తరువాత అన్నారు, "అయ్యగారూ, కుసులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. చేసినవాడు పనివాడు."

కుసులు! ఆ మాట మాకు కొత్త కాదు. నిర్గమకాండము 26వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారపు పలకల గురించి చదివేటప్పుడు ఎన్నిసార్లో పలికాం. పలకకు రెండేసి కుసులు, వాటి కింద వెండి దిమ్మలు. పుల్పిట్ మీద గట్టిగా చదివి, దాని జోలికి పోకుండా తరువాతి వచనానికి వెళ్ళిపోయేవాళ్ళం. బైబిలు చదవని ఆచారి గారి నోట అది రోజువారీ మాటలా వచ్చింది. కర్ర చివర సన్నగా చెక్కి, ఎదుటి కర్రలో తొలిచిన కన్నంలోకి దిగేలా చేసే నాలుకే కుసి. ఆయన వేలితో చూపిస్తుంటే, డిప్లొమా పొందిన ఇన్నేళ్ళకు ఆ వచనం మాకు అర్థమైంది.

ఆయన ఇంకొకటి కూడా చూపించారు. ప్రతి కాలికీ, దానికి తగిలే బద్దెకూ ఉలితో చిన్న గాట్లు ఉన్నాయి. ఒక మూలన ఒక గాటు, రెండో మూలన రెండు, అలా నాలుగు వరకు. "చేత్తో చేసిన కుసులు అన్నీ ఒక్కలా ఉండవండీ. ఎవరి కుసి వాళ్ళ కన్నానికే పడుతుంది. కలగాపులగం కాకుండా గుర్తు పెట్టుకుంటాం." చేసినవాడి పేరు ఎక్కడా లేదు, ఈ గాట్లే ఉన్నాయి.

తరువాత ఆయన పైపలక వైపు తిరిగి అడిగారు, "ఈ మేకులు ఎవరు కొట్టారు?"

మేమే కొట్టించాం. ఈ సంఘానికి వచ్చిన కొత్తల్లో, అంటే పన్నెండేళ్ళ కిందట, పలక కొంచెం కదులుతోందని పైనుంచి పొడుగాటి ఇనప మేకులు దింపించాం. పది నిమిషాల్లో పని అయిపోయింది. పలక రాయిలా నిలబడిందని సంతోషించాం కూడా.

"అది కదలాల్సిందేనండీ," అన్నారాయన. "కొట్టేసినా కర్రకు ఊపిరుంటుంది. వానాకాలం తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. పొడుగు మారదు, వెడల్పు మారుతుంది. ఇంత వెడల్పు పలక ఏడాదిలో ఒకటి రెండు నూళ్ళు అటూ ఇటూ అవుతుంది. మీరు మేకులతో కదలనీయకుండా బిగించేశారు. దానికి చోటు లేక చీలింది. చెద తరువాత పట్టింది, ముందు మీ మేకే పట్టింది."

వడ్రంగుల లెక్కలో నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బల్ల సంగతి కాదు, ఆ మాట విన్నప్పుడు మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు గుర్తుకొచ్చారు.

వాళ్ళ నాన్న బడిపంతులు. మంచి విశ్వాసి. ఆయన పోయాక ఇంటి పంపకాల్లో గొడవ వచ్చింది. పాత పెంకుటిల్లు పడగొట్టారు కాని స్థలం హద్దు తేలలేదు. అన్న తూర్పు వీధిలో, తమ్ముడు పడమటి వీధిలో అద్దె ఇళ్ళల్లో ఉండిపోయారు. మాటలు లేవు. అయినా ఇద్దరూ గుడికి వస్తూనే ఉన్నారు, చెరో పక్కన కూర్చునేవాళ్ళు. మూడేళ్ళ కిందట క్రిస్మస్ ముందు ఆదివారం మేము ఇద్దరినీ ముందుకు పిలిచాం. మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు చదివాం. అర్పణ అక్కడే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాటలు. సంఘమంతా చూస్తుండగా చేతులు కలపమన్నాం. కలిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. హల్లెలూయా అన్నాం. పది నిమిషాల్లో అయిపోయింది.

సంక్రాంతికల్లా కాగితాలు మండల ఆఫీసుకు వెళ్ళాయి. "నలుగురిలో నా తల వంచారు" అని అన్న, "నన్నే తప్పుచేసినవాడిగా నిలబెట్టారు" అని తమ్ముడు. ఆ నెల నుంచి అన్న బల్ల తీసుకోవడం మానేశాడు. వాక్యం తప్పు కాదు. మేము దాన్ని మేకులా వాడాం. ఇద్దరి ఇళ్ళకూ విడివిడిగా వెళ్ళి కూర్చోవలసిన సాయంత్రాలను తప్పించుకుని, ఒక్క ఆదివారంలో పని కానిచ్చేద్దామనుకున్నాం. ఈ సంగతి రాయడానికి మాకు సిగ్గుగా ఉంది. కానీ దాచిపెట్టి బల్ల గురించి రాస్తే, ఆ తెల్లగుడ్డ పరిచినట్టే ఉంటుంది.

ఇక కర్ర కావాలి. మాకైతే నిర్గమకాండము 25వ అధ్యాయం మనసులో ఉంది. సన్నిధి రొట్టెలు పెట్టే బల్లను తుమ్మకర్రతో చేయమని దేవుడు మోషేకు చెప్పాడు. రెండు మూరల పొడుగు, మూర వెడల్పు, మూరన్నర ఎత్తు. మా చెరువు కట్ట మీద తుమ్మచెట్లకు కొదవ లేదు. అదే అడిగితే ఆచారి గారు నవ్వారు. "బండిచక్రానికి, నాగలికి తుమ్మను మించింది లేదు. కాని వెడల్పు పలకలు రావు, మెలి తిరుగుతుంది. ఎన్నో ఏళ్ళు ఆరిన టేకు దొరికితే చూడండి. పాత ఇంటి దూలమైతే మరీ మంచిది." ఆలోచిస్తే ఎడారిలో దేవుడు అడిగింది ఆ ఎడారిలో దొరికే చెట్టునే. ఆయన ఎప్పుడూ దగ్గరలో ఉన్నదాన్నే అడుగుతాడు.

మా దగ్గరలో ఉన్న పాత టేకు దూలం ఒక్కటే. ఆ అన్నదమ్ముల ఇంటిది. 12 అడుగుల పొడుగు, 11 అంగుళాల వెడల్పు. బడిపంతులు గారు ఎక్కడో పాత బంగళా పడగొడుతుంటే కొని తెచ్చి నడిమింటికి వేయించారట. ఇల్లు పడగొట్టాక దాన్ని ఎవరూ తీసుకెళ్ళకుండా ఇద్దరూ ఒకరికొకరు అడ్డం పడ్డారు. టార్పాలిన్ కప్పుకుని ఖాళీ స్థలంలో పడి ఉంది.

ఈసారి మేము పుల్పిట్ నుంచి ఏమీ చెప్పలేదు. తూర్పు వీధికి వెళ్ళాం. అన్న మంచినీళ్ళిచ్చి అన్నాడు, "వాడు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదండీ." పడమటి వీధికి వెళ్ళాం. తమ్ముడు టీ తెప్పించి అన్నాడు, "అన్న నోరు తెరిచి నన్ను అడిగితే ఇస్తానండీ." మళ్ళీ తూర్పు, మళ్ళీ పడమర. నెలన్నర తిరిగాం. దూలం కదల్లేదు. కాని ఆ సాయంత్రాల్లో మూడేళ్ళుగా మాకు తెలియని సంగతులు తెలిశాయి. అన్న కూతురు పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. నాన్న చివరి రోజుల్లో ఆస్పత్రి ఖర్చంతా తమ్ముడే పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు. ఇద్దరి కోపం కిందా గాయం ఉంది. మేము దాని మీద చేతులు కలపమన్నాం.

చివరికి తేల్చింది వాళ్ళ అమ్మ. ఎనభై దాటిన అవ్వ. నెలకొకరి ఇంట్లో ఉంటుంది. ఒకరోజు గుడి దగ్గరికి కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. "అయ్యగారూ, ఆ దూలం వాళ్ళిద్దరిదీ కాదు, మా ఆయనది. మా ఆయన తరువాత నాది. దాని కిందే వాళ్ళిద్దరికీ ఉయ్యాల కట్టాను. తీసుకెళ్ళి కోయించండి. అడిగితే నా పేరు చెప్పండి." ఎవరూ అడగలేదు.

కోత మిషను వాళ్ళు దూలం చూసి వద్దన్నారు. దాని నిండా పాత మేకులు, ఉయ్యాల కొక్కేలు. బ్లేడు విరిగితే ఎవరిది బాధ్యత అన్నారు. కాబట్టి ముందు మేకులు పీకాలి. యవ్వనస్తుల కూడికలో చెబితే ఆరుగురు పిల్లలు వచ్చారు. అందులో అన్న కొడుకూ ఉన్నాడు, తమ్ముడి కొడుకూ ఉన్నాడు. శనివారాలు రెండు పట్టింది. కొన్ని మేకులు తుప్పుపట్టి తల విరిగిపోయేవి. అప్పుడు చుట్టూ ఉలితో తవ్వి, కటకటా కొరుక్కుంటూ పట్టకారుతో లాగాలి. దింపడానికి నాలుగు సుత్తి దెబ్బలు చాలు, పీకడానికి గంట కావాలి. పిల్లలు డబ్బాలో వేసి లెక్కపెట్టారు, 61. మేకు ఉన్నచోటల్లా టేకులోకి ఇనుము నల్లగా దిగి మచ్చ పడింది. మేకు పోయినా మచ్చ పోలేదు.

కోత అయ్యాక పని మా గుడి వెనక వేపచెట్టు కింద మొదలైంది. నవంబరు నుంచి జనవరి దాకా, పొలం పనులు లేని రోజుల్లో. కాళ్ళు ఒక్కటే టౌనులో తరిమెన పట్టించుకొచ్చాం, పాత కాలు నమూనాగా ఇచ్చి. మిగతాదంతా చేతిపనే. తోపడ పడుతుంటే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలేది. ఎన్నో ఏళ్ళు ఎండి, వానను చూసిన కర్ర లోపల ఇంకా నూనె వాసన ఉంది.

కుసి చేసే పద్ధతి ఇది. కర్ర మందాన్ని మూడు భాగాలు చేస్తారు. మధ్య భాగం కుసి అవుతుంది, అటూ ఇటూ భాగాలు భుజాలవుతాయి. ఎదుటి కర్రలో కన్నం కూడా మూడో వంతే. కన్నం పెద్దదైతే కర్ర బలహీనపడుతుంది, కుసి సన్నదైతే విరుగుతుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సమంగా ఉండాలి. కుసి వదులుగా ఉంటే పనికిరాదు. మరీ బిగువై సుత్తితో గట్టిగా కొట్టవలసి వస్తే కాలు చీలుతుంది. ఆచారి గారు అరచేత్తో తట్టేవారు. దిగకపోతే బయటకు తీసి, ఎక్కడ రుద్దుకుందో వెలుగులో చూసి, అక్కడ మాత్రం ఉలితో పొరలా తీసేవారు. ఒక మూలకు ఆయన తొమ్మిదిసార్లు అలా చేయడం చూశాం. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కుసి కూర్చున్నాక దానికి వెదురు చీల దింపుతారు. ఇక్కడ ఒక మర్మం ఉంది. కాలిలో వేసిన బెజ్జం, కుసిలో వేసిన బెజ్జం సూటిగా ఎదురెదురు ఉండవు. కుసిది భుజం వైపు అర నూలు జరిపి వేస్తారు. చీల దిగేటప్పుడు కొంచెం వంగి, కుసిని లోపలికి లాక్కుంటుంది. చీల లోపల ఉన్నంతకాలం లాగుతూనే ఉంటుంది. ఇనుము కర్రను చీల్చి నిలబడుతుంది, వెదురు తానే వంగి నిలబెడుతుంది. వడ్లవాడని జనం పిలిచిన మన ప్రభువు (మార్కు 6:3) ఇలాంటి పని ఎన్నిసార్లు చేశాడో అనుకున్నాం. ఆయనే తరువాత మేకులకు తన చేతులు అప్పగించాడు.

పలకలు అతకడానికి ఆచారి గారు వజ్రం తెచ్చారు. పశువుల చర్మాల నుంచి కాచే పాతకాలపు జిగురు అది. నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తారు. వాసన భరించలేక పిల్లలు ముక్కు మూసుకున్నారు. మా పెద్దల్లో ఒకాయన మాత్రం నవ్వి, "ఇది మా తాతల వాసన నాయనా" అన్నాడు. తోలు ముట్టినందుకు దూరంగా ఉండమన్న మనుషుల బల్ల ఇప్పుడు ఆ తోలుతోనే అతుక్కుంది. ఆ మాటకు ఆచారి గారు తల దించుకుని, "మా తాతలు మీ గడపలోకి రాలేదండీ, నిజమే" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన మాతోపాటు చాప మీద కూర్చుని భోంచేశారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పైపలకను బద్దెకు మేకులతో బిగించలేదు. బద్దె లోపలివైపు గాడి తీసి, చిన్న కర్రబిళ్ళలు చేసి, వాటిని పలకకు అడుగున మరలతో బిగించి, నాలుక గాడిలో ఆడేలా పెట్టారు. పలక పైకి లేవదు, పడిపోదు. కాని పక్కలకు ఉబ్బడానికి, తగ్గడానికి చోటుంది. ఎక్కడ బిగించాలో అక్కడ బిగించారు, ఎక్కడ చోటివ్వాలో అక్కడ ఇచ్చారు. ఇన్నేళ్ళ మా సేవలో ఈ రెండూ ఒకదానికొకటి మార్చేశామేమో అనిపించింది. సత్యం విషయంలో వదులుగా, మనుషుల విషయంలో బిగువుగా.

మూడు పలకల్లో ఒకదాని మీద పెద్ద నల్లమచ్చ ఉంది. ఉయ్యాల కొక్కెం దిగిన చోటు. ఆచారి గారు ఆ వైపు అడుగుకు తిప్పుతానన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. "కనపడనీయండి" అంది. అలాగే ఉంచాం. అవిసె నూనె పట్టించేసరికి ఆ మచ్చ ఇంకా ముదిరి, గుడ్డ లేకపోతే అందరికీ కనబడుతుంది. మిగిలిన ముక్కతో ఆయన అవ్వకు ఒక పీట చేసిచ్చారు.

ఫిబ్రవరి మొదటి ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం బల్లను లోపలికి చేర్చాలి. బరువు ఎక్కువ, నలుగురు కావాలి. పిల్లలు ఇద్దరు ఒక వైపు పట్టారు. రెండో వైపు తమ్ముడు పట్టుకున్నాడు. నాలుగో మూల ఖాళీ. అవ్వను తీసుకెళ్ళడానికి వచ్చిన అన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మేము ఏమీ అనలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగాం. కాసేపటికి ఆయనే చెప్పులు విడిచి వచ్చి ఆ మూల పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర కాళ్ళు తట్టుకుని బల్ల దూరలేదు. పక్కకు వంచాలి. అప్పుడు తమ్ముడు అన్నాడు, "అన్నా, నీ వైపు కొంచెం ఎత్తు."

ఎత్తాడు. బల్ల లోపలికి వచ్చింది. అన్న దాన్ని దించి, ఆ నల్లమచ్చ మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం నిలబడ్డాడు. తరువాత వాళ్ళ అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు ఏమైందో ఉన్నదున్నట్టు చెబుతాం. తమ్ముడు రొట్టె తీసుకున్నాడు. అన్న తీసుకోలేదు. తల వంచుకుని చివరి వరసలో కూర్చున్నాడు. మేము ప్రకటన ఏమీ చేయలేదు, ఎవరినీ ముందుకు పిలవలేదు. మార్చిలోనూ తీసుకోలేదు. ఏప్రిల్‌లో, ఈస్టరు వెళ్ళిన తరువాత, ఆయన లేచి వచ్చి అవ్వ పక్కన నిలబడ్డాడు. అవ్వకు ఇటువైపు తమ్ముడు ఉన్నాడు. ఇంటి స్థలం గొడవ ఈ రోజుకీ తీరలేదు. సర్వేయరు రావాలి, కొలవాలి. కాని ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటున్నారని పిల్లలు చెప్పారు. తొమ్మిదిసార్లు తీసి చూడవలసిన కుసి ఇది. ఇప్పుడు నాలుగోసారో అయిదోసారో అయి ఉంటుంది.

ప్రియులారా, కొరింథు సంఘంలో తప్పు రొట్టెలో లేదు, ద్రాక్షరసంలో లేదు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడు, ఒకే బల్ల దగ్గర కక్షలుగా విడిపోయారు. పౌలు బాధ అది (1 కొరింథీ 11:17-34). ఆయన ఆ అధ్యాయం చివర చెప్పిన పరిష్కారం ఎంత చిన్నదో గమనించండి. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఆగమన్నాడు, అంతే. ఎఫెసీ 4వ అధ్యాయంలో శరీరం అమర్చబడి అతకబడే సంగతి రాసిన అదే చేయి, దానికి ముందే దీర్ఘశాంతంతో ఒకరినొకరు సహించమని రాసింది. సహనం లేని అతుకు మేకే.

మీ ఇంట్లో, మీ సంఘంలో మాటలు లేని ఇద్దరు ఎవరైనా ఉండవచ్చు. వాళ్ళిద్దరిలో మీరే ఒకరై ఉండవచ్చు. ఈ వారం ఒక సాయంత్రం అటు వెళ్ళి కూర్చోండి. మంచినీళ్ళు తాగి రండి. సుత్తి మాత్రం తీసుకెళ్ళకండి.

ఇది ఆగస్టు. నిన్న వాన వెలిశాక గుడ్డ తీసి బల్లను చూశాం. ఇప్పుడు ప్రతి నెలా చూస్తున్నాం. ఎండాకాలంలో పలకకూ బద్దె అంచుకూ మధ్య కనిపించిన తేడా తగ్గిపోయింది, పలక కొంచెం ఉబ్బింది. ఎక్కడా చీలలేదు.

ప్రార్థన: ప్రభువా, నీ బల్ల దగ్గర మాకు చోటిచ్చావు. మా పక్కవారికి చోటివ్వడం మాకు నేర్పించు. మేము తొందరపడి కొట్టిన మేకులను ఓపికతో పీకే కృప దయచేయుము. పోని మచ్చలను దాచకుండా నీ యెదుట ఉంచే ధైర్యమిమ్ము. మా కోసం వంగి మమ్మల్ని నీలోకి లాగుకొన్న యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.